మూడు చుక్కలంటే పడని మనిషి

ఆమె పోయిన సంగతి నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గ్రూపులో ఉన్నది పదకొండు మందిమి. మధ్యాహ్నానికల్లా దండం పెట్టే బొమ్మలు నలభై దాకా వచ్చాయి. ఏడాదికోసారి కొత్త సంవత్సరానికి తప్ప నోరు విప్పని వాళ్లు కూడా విప్పారు. ఆమెతో నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చున్న ఒకాయన "మృదుస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగదు" అని రాశాడు. అది చదివి, పొరపాటున వేరే గ్రూపు గానీ తెరిచానా అని పైన పేరు చూసుకున్నాను. గ్రూపు సరైనదే.

మనిషి పోయింది కదా అని ఇంత అబద్ధం ఆడితే ఎలా? ఆ ఆఫీసులో ఆమె చేత మాట పడనిది గోడ గడియారం ఒక్కటే. అది కూడా ఐదు నిమిషాలు వెనక నడవడం మొదలుపెట్టాక పడింది. మృదుస్వభావి అన్న పెద్దమనిషి అయితే ఒకరోజు ఆమె అన్న మాటకు మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. నేను కళ్లారా చూశాను. అప్పుడు నేనూ ఆ పక్క మెట్టు మీదే ఉన్నాను, అదే పని మీద.

వికారాబాదులో స్టేషనుకు పోయే దారిలో, ఎరువుల దుకాణం పైన మా కంపెనీ. బోర్డు మీద పేరు చివర "టెక్నాలజీస్" అని బహువచనం ఉండేది. లోపల ఉన్నది మాత్రం ఒకటే టెక్నాలజీ, తూకం కాంటాలకు తగిలించే ఒక చిన్న డబ్బా. సంచిని కాంటా మీద పెడితే బరువు చూపిస్తుంది, మీట నొక్కితే చీటీ కొడుతుంది. దానిలోకి సి భాషలో ప్రోగ్రాములు రాసేది ఇద్దరం, ఆమె, నేను. ఆమె లెక్కలో అయితే ఒక్కరే. రాసేది తను, పాడు చేసేది నేను.

అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు. ఆమెకంటే ఏడెనిమిదేళ్లు పెద్దవాడైన మా ఓనరు కూడా అక్కా అనే అనేవాడు. భయానికి వయసుతో పని లేదు. ఇల్లు తాండూరులో. పొద్దున ప్యాసింజర్ బండిలో వచ్చి సాయంత్రం అదే బండిలో పోయేది. రెండు కళ్లద్దాలు ఉండేవి, ఒకటి తెర చూడడానికి, ఒకటి మనుషులను చూడడానికి. మనుషుల అద్దాలు పెట్టుకుందంటే ఎవరికో మూడిందని అర్థం. మేము రాసినదాన్ని డబ్బా భాషలోకి మార్చే కంపైలర్ మొండికేస్తే కన్నడంలో ఏదో అనేది. అర్థం అడిగితే "ఆశీర్వాదం" అనేది.

నేను రాసిన ప్రోగ్రామును కాగితాల మీద అచ్చు కొట్టించి, బండిలో కూర్చుని పెన్సిలుతో దిద్దేది. ఆడవాళ్ల పెట్టెలో ఎదురుగా కూర్చున్న వాళ్లు ఆమెను టీచరనుకునేవాళ్లు. ఒకరోజు ఎవరో పెద్దావిడ "ఎన్ని మార్కులేసినవమ్మా?" అని అడిగిందట.

"సున్న."

"అయ్యో, పసిపిల్లగాడు గదా, జర చూసి ఎయ్యరాదు?"

"పసిపిల్లగాడు గాదమ్మా. ఇరవై నాలుగేండ్ల దున్నపోతు."

ఈ సంభాషణ నాకెలా తెలుసంటే, మర్నాడు పొద్దున ఆమే ఆఫీసంతా వినేలా, ఇద్దరి గొంతులతోనూ చెప్పింది.

ఆమెకు పడనివి చాలా ఉండేవి. చల్లారిన టీ, "ఒక్క నిమిషం" అనే మాట, నూనె రాసిన జొన్నరొట్టె. అన్నిటికంటే పడనివి మూడు చుక్కలు. సి భాష తెలియని వాళ్లకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మామూలుగా ఏదైనా పని చేసే ఫంక్షన్ రాసేటప్పుడు దానికి ఎన్ని అందిస్తామో ముందే రాస్తాం. రెండంటే రెండు, మూడంటే మూడు. కానీ ఎన్ని వస్తాయో ముందుగా తెలియని పనులు కొన్ని ఉంటాయి. ఒక రైతు మూడు సంచులు తెస్తాడు, ఇంకొకాయన పది తెస్తాడు. అలాంటప్పుడు చివర మూడు చుక్కలు పెడతాం. ఎన్నొచ్చినా సరే అని దాని అర్థం. చూడ్డానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎన్నొచ్చాయో ఆ ఫంక్షన్‌కు తనంతట తనకు తెలియదు. "ఇన్ని ఉన్నాయి" అని మనమే చెప్పాలి. చెప్పింది నమ్మి ఒక్కొక్కటే అందుకుంటుంది. ఆరు ఇచ్చి ఏడని చెప్పామనుకోండి, ఏడోది ఏదీ అని అడగదు. మెమరీలో ఆ పక్కన ఏది పడి ఉంటే అది ఎత్తుకుని పని కానిచ్చేస్తుంది.

ఇంత సేపు నేను చెప్పిన దాన్ని ఆమె మూడు ముక్కల్లో చెప్పేది.

"బంతిల ఎనిమిది మంది ఉన్నరని వడ్డించేటోనికి చెప్పినవ్. కూసున్నది ఏడుగురే. వాడు ఎనిమిదోది స్తంభానికి వడ్డిస్తడు. వానిదేం తప్పు?"

ప్రోగ్రాము సంగతి అలా ఉంచితే, లోకమంతా ఇలా చుక్కలతోనే నడుస్తోందని ఆమె ఫిర్యాదు. టీ చెప్పే ముందు గదిలో నిలబడి "ఎంతమంది? ఇప్పుడే చెప్పుర్రి" అనేది. చెప్పాక ఇంకొకడు మెట్లెక్కి వస్తే వాడికి టీ లేదు, వాడు ఓనరైనా సరే. ఓనరే రెండుసార్లు టీ లేకుండా కూర్చున్నాడు. ఇక పెళ్లి కార్డులు. "బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి" అని ఉంటుంది కదా, ఆమె ఆ కార్డు మీది నంబరుకు ఫోన్ చేసేది. "సపరివారం అంటే ఎంతమంది? నేనొక్కదాన్నే వస్త. ఒక్కటే ఇస్తరెయ్యి." అవతల పెళ్లికూతురి తండ్రి ఏమనుకునేవాడో నాకు తెలియదు. నేను ఒకసారి వాట్సాప్‌లో "సరే అక్కా..." అని పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది. "చుక్కల తర్వాత ఏమున్నదో అది గూడ రాయి." ఏమీ లేదని రాశాను. "మరెందుకు పెట్టినవ్?" ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను ఎవరికీ చుక్కలు పెట్టలేదు. మా ఆవిడ నేను పొడిగా మాట్లాడతానంటుంది.

ఇంత చిరాకు పడే మనిషే చీటీ కొట్టే ఫంక్షన్‌ను చుక్కలతో రాసింది. వేరే మార్గం లేక, అంటుంది. రాసింది కాబట్టి దాని చుట్టూ ఆమె పెట్టుకున్న ఆచారాలు గుళ్లో పూజారి కూడా పెట్టుకోడు. చుక్కల గుండా వచ్చినవాటిని అందుకోవాలంటే వీఏ స్టార్ట్ అని మొదలుపెట్టాలి, వీఏ ఆర్గ్ అని ఒక్కొక్కటే తీసుకోవాలి, ఆఖరికి వీఏ ఎండ్ అని ముగించాలి. మేము వాడే కంపైలర్లో ఆ ఆఖరిది ఏ పనీ చేయదు. నేను పుస్తకం చదివి వచ్చినవాణ్ని కదా, ఆ సంగతి ఆమెకు చెప్పాను.

"వీఏ ఎండ్ ఏం చెయ్యదు కదక్కా, తీసేద్దామా?"

ఆమె కళ్లద్దాలు మార్చుకుంది.

"నమస్తే గూడ ఏం చెయ్యది తమ్మీ. పెట్టుడు మానేస్తవా?"

ఇంకొకటి. చుక్కలు దాటి లోపలికి పోయే చిన్నరకం అంకెలు దారిలోనే పెద్దరకం అంకెలుగా మారిపోతాయి. ఫ్లోట్ పోతే డబుల్ అయి తేలుతుంది. దీన్ని ప్రమోషన్ అంటారు. చేరిన మొదటి నెలలో నాకది తెలియక లోపల ఫ్లోట్ అనే అడిగాను. కంపైలర్ హెచ్చరించినా పట్టించుకోలేదు. యాభై కిలోల సంచికి కాంటా కోట్ల టన్నుల బరువు చూపించింది. ఆమె ఆ చీటీని గోడకు అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. "గీ కంపెనీల ప్రమోషన్ దొరికే జాగ గిదొక్కటే. అది గూడ ఈయనకు తెల్వకపాయె." పద్నాలుగేళ్లుగా ఆమె హోదా అసిస్టెంటే అని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది నేను ఇంతసేపూ దాటవేస్తూ వచ్చిన ముచ్చట.

తాండూరులో ఒక కందుల వ్యాపారి గోదాంలో మా డబ్బాలు రెండు ఉండేవి. కందుల కాలం మొదలైన వారానికి ఓనరు నా దగ్గరికి వచ్చి, "చీటీ మీద ముందు లాభం అని రావాల్నట. జర చూడు" అన్నాడు. పది నిమిషాల పని అన్నాను. నిజంగానే పది నిమిషాల్లో చేశాను, ఆ విషయంలో నా మాట పోలేదు. చీటీ నెత్తిన "లాభం" అని శుభమా అంటూ ఒక వరుస పెట్టాను. దాని కింద ఒకటి, రెండు, మూడు అని సంచుల బరువులు. వరుస ఒకటి పెరిగింది కాబట్టి ఫంక్షన్‌కు చెప్పే లెక్కలో కూడా ఒకటి కలిపాను. అది లెక్కపెట్టేది వరుసలను కాదు, సంచులను అన్న సంగతి నాకు తట్టలేదు. అంటే ఆరు సంచులు ఇచ్చి ఏడని చెప్పడం మొదలుపెట్టాను. పప్పులో కాలేయడం అంటారు కదా, నేను ఇంకా అది పప్పు కాకముందే వేశాను.

ఆమె ఎప్పట్లాగే కాగితాల మీద దిద్దింది. స్టార్ట్ ఉంది, ఎండ్ ఉంది, డబుల్ అనే అడిగాను. మొదటిసారిగా పెన్సిలు గీత లేకుండా కాగితం తిరిగి ఇచ్చింది. నేను దాన్ని ఫొటో తీసుకున్నాను. బల్ల మీద తూకం రాళ్లతో పరీక్షించాం, చీటీ అద్దంలా వచ్చింది. ఎందుకొచ్చిందంటే, మేము ప్రతిసారీ డబ్బాను ఆపి మళ్లీ వేస్తాం. అప్పుడు మెమరీలో మిగిలేది సున్నా. బరువు సున్నా వస్తే ఆ వరుస కొట్టొద్దని ఎప్పుడో ఆమే ఒక జాగ్రత్త రాసి పెట్టింది. లేని ఏడో సంచి సున్నా బరువుతో వచ్చి చప్పుడు లేకుండా పోయింది.

గోదాంలో డబ్బాను పొద్దున వేస్తే సాయంత్రం దాకా ఆపరు. ఎనిమిది సంచుల రైతు తూకం వేయించుకుని పోయాక, ఆరు సంచుల రైతు వచ్చాడనుకోండి. వెనకటి ఆయన ఏడో సంచి బరువు మెమరీలో అలాగే పడి ఉంటుంది. మా ఫంక్షన్ దాన్ని ఎత్తుకొచ్చి ఈయన చీటీలో వేసేది. యాభై కిలోలు, నలభై తొమ్మిదిన్నర, ఏ అనుమానమూ రాని బరువు. అందులోనూ ప్రతిసారీ కాదు, పెద్ద రైతు వెనక చిన్న రైతు వచ్చినప్పుడు మాత్రమే. చీటీల ప్రకారం రావలసిన సంచులకూ గోదాంలో ఉన్న సంచులకూ రోజూ రెండో మూడో తేడా వస్తోంది.

ఆ గోదాంలో సంచులు లెక్కపెట్టే మనిషి ఒక చాచా. కాంటా పక్కన నిలబడి, ఒక్కో సంచీ దిగుతుంటే నోటితో లెక్క చెప్పడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆయన ఆరు అన్నాడు, చీటీ ఏడు అంది. గోదాం సేటు చీటీని నమ్మాడు. సంచులు చాచాయే మాయం చేయిస్తున్నాడని పదిమందిలో అని, ఇంటికి పంపించేశాడు. ఇదంతా జరిగి పదిహేను రోజులైంది. మాకు తెలియనే తెలియదు.

తెలిసింది కూడా ఒక వేళాకోళంలో. సేటు వేరే పని మీద ఓనరుకు ఫోన్ చేశాడు. ఓనరుకు గొంతు పెద్దగా వినపడాలి కాబట్టి ఫోన్ బల్ల మీద పెట్టి మాట్లాడతాడు.

"ముసలోడు దొరికినంక ఏం బహానా చెప్పిండో ఎరికేనా?" సేటు నవ్వుతూ అంటున్నాడు. "బర్కత్ అన్నంక దో రావాల్నట. ఆంధ్రోళ్లయినా తెలంగాణోళ్లయినా లాభం అన్నంక రెండే అంటరట. మీ కాయితం లాభం అని మల్ల ఒకటి అంటుందట. గందుకే కాయితానికి ఒక సంచి ఎక్కువ కనబడుతుందట! మస్తు తెలివి గదా?"

ఓనరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కళ్లద్దాలు మార్చుకుంది.

ఫోన్ పెట్టేశాక, టీ తాగిన గ్లాసులు ఆరింటిని నా ముందు వరుసగా పెట్టింది.

"కందులు కొలిచినట్టు లెక్కపెట్టు."

నేను వేలు గాలిలో పెట్టి "లాభం" అన్నాను. తర్వాత మొదటి గ్లాసు ముట్టుకుని "ఒకటి" అన్నాను.

"నవాబుపేట్ల మీ ఇంట్ల కందులు కొలిచేటప్పుడు నువ్వేడుంటివి?"

"హాస్టల్‌లో అక్కా."

ఆమె మొదటి గ్లాసు మీద వేలు పెట్టి "లాభం" అంది. రెండో గ్లాసు మీద "రెండు" అంది. ఆరో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆరు. మా వైపు తూకం వేసేవాళ్లు ఎవరూ ఒకటి అనరు, మొదటి సంచినే లాభం అంటారు. సాయిబులైతే బర్కత్ అంటారు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి విన్నాను. దాంతోపాటు సంచి దిగిందా లేదా అని మాత్రం ఎప్పుడూ చూడలేదు. రైతు ఇంట్లో పుట్టి ఇంజనీరింగ్ చదివినందుకు నాకు మిగిలిన ఘనత అది.

ఆమె డబ్బాను ఆపకుండా ఎనిమిది తూకాలు వేసింది, ఆ వెంటనే ఆరు వేసింది. చీటీలో ఏడు వచ్చాయి. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు చెమటలు పట్టాయి.

ఓనరు తేలికగా తీసుకున్నాడు. "అక్కా, ఫోన్ల చెప్పేద్దాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని డబ్బా మారుస్తే అయిపాయె."

"ఆ మనిషిని ఇంటికి పంపింది అప్‌డేట్ గాదు సార్. మనం పంపినం." తర్వాత నా వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల తాండూరు రా. అంగీ ఇస్త్రీ చేసుకొని రా."

"ఎందుకక్కా?"

"పదిమందిల నిలబడ్తవు గదా, మంచిగ కనబడాలె."

మర్నాడు నేను స్టేషనులో దిగి గోదాం చేరేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉంది. చాచాను ఇంటి నుంచి తనే ఆటోలో తీసుకొచ్చింది. తెల్ల గడ్డం, బొత్తాలు పైదాకా పెట్టుకున్న చొక్కా. కాంటాకు దూరంగా, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హమాలీలు పనాపి చూస్తున్నారు. సేటు కుర్చీలు వేయించి టీ చెప్పాడు. సంగతి ఆమె రెండు మాటల్లో చెప్పగానే ఆయన చేతులు ఊపేశాడు.

"అరే, మిషన్ అన్నంక గలత్ అయితది. ఏం ఫికర్ చెయ్యకుర్రి."

"మిషన్ గలత్ చెయ్యలే సేటు," అందామె. "చెప్పు తమ్మీ."

నేను గొంతు సవరించుకుని, "సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న సమస్య తలెత్తడం వల్ల" అని మొదలుపెట్టాను.

"తలెత్తిందా? దానంతటదేనా?"

హమాలీల్లో ఎవరో నవ్వారు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. చాచా నా వైపే చూస్తున్నాడు, కోపంగా కాదు, ఏం చెబుతాడా అని.

"నేను చేసిన," అన్నాను. "ఆరు సంచులుంటే ఏడని మిషన్‌కు నేనే చెప్పిన. చాచా చెప్పిన లెక్కనే కరెక్టు. ఒక్క సంచి గూడ పోలేదు."

అంతటితో అయిపోయిందనుకుని ఆమె వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది.

"వాడు రాసిండు, నేను చూసి వదిలిన. తెరిచింది మూసిండా లేదా అని అదే చూసుకుంట కూసున్న. కాయితం మీద లాభం కింద ఒకటి అని ఉంటే సదవలే."

చాచా గుమ్మం దగ్గర నుంచి కదిలాడు. ఆమె దగ్గరికి వచ్చాడు.

"వాడంటే బచ్చా. నువ్వు తాండూరు బిడ్డవు గదమ్మా. నీకెట్ల కనబడలే?"

ఆమె తల వంచుకుని నిలబడింది. ఆమెను అలా చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆ రోజు ఆమె నా మీద కేకలేసి ఉంటే నాకు హాయిగా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సేటు ఇబ్బందిగా కదిలాడు. "సరే చాచా, అయిందేదో అయింది. రేపటి సంది రా."

"ముప్పై ఏండ్ల సంది నోటితో లెక్క చెప్పిన," అన్నాడు చాచా. "గీ పదిహేను దినాలు ఒక్కరన్న నన్ను అడగలే. కాయితాన్నే అడిగిన్రు." ఆయన గొంతు పెంచలేదు. బయట గేటు దగ్గర ఒక ట్రాక్టరు ఆగి ఉంది. "రేపెందుకు? బండి నిలవడ్డది గదా," అని కాంటా దగ్గరికి నడిచాడు. హమాలీలు దారి ఇచ్చారు.

ఆ తర్వాత ఏడాదికి నేను హైదరాబాదులో పెద్ద కంపెనీకి మారాను. అక్కడ నేను రాసింది ముగ్గురు చూసి గానీ బయటికి వదలరని ఆమెకు గొప్పగా చెప్పాను. "ముగ్గురా? పాపం, వాళ్లకు ఇండ్లు వాకిండ్లు లేవా?" అంది. మొదట్లో నెలకోసారి ఫోన్ చేసేవాణ్ని. తర్వాత పుట్టినరోజుకు మాత్రమే. ఆ తర్వాత ఆ రోజు కూడా ఒక బొమ్మ పంపి చేతులు దులుపుకునేవాణ్ని. ఆరేళ్లలో ఒక్కసారి కూడా తాండూరు వెళ్లలేదు. రైల్లో గట్టిగా మూడు గంటల దూరం.

మొన్న వెళ్లాను. ఆమె చెల్లెలు తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చింది. గ్లాసు తిరిగి ఇచ్చి లేచాను. బయట అరుగు మీద చాచా ఉన్నాడు. గడ్డం ఇంకా తెల్లబడింది. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇస్త్రీ అంగీ పోరనివి నువ్వే గదా?"

అవునన్నాను. పక్కన జాగా చూపించాడు.

"ఏటేటా కందులు మొదలైన దినం ఒస్తుండె ఆమె," అన్నాడు. "ఆఫీసుకు సుట్టి పెట్టి. కాంట పక్కన కుర్చీ ఏసుకొని కూసునేది. నేను నోటితో చెప్తుంటె ఆమె చీటీలు ఒక్కొక్కటి సదివేది. పొద్దు గూకేదాంక. ఎందుకమ్మా, ఎప్పుడో అయిపోయిన ముచ్చట గదా అన్న. 'నీ మీద అనుమానం గాదు చాచా, ఒక్కసారి సదవకుండ వదిలిన, మల్ల వదలొద్దు' అన్నది. నడుం నొప్పితోని నిరుడు గూడ ఒచ్చింది."

ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"నా గురించి ఏమన్నా అనేదా చాచా?"

"అనకేం? తిట్టేది."

"ఏమని?"

"పొద్దుగాల ఒచ్చుడుతోనే అడిగేది, గా పోరడు ఒచ్చిండా అని. రాలేదమ్మా అంటే తిట్టేది. ఫోన్ చేసి పిలువరాదు మల్ల అన్న ఒకసారి. 'పిలుస్తే ఒచ్చేటోడు నాకొద్దు చాచా' అన్నది."

ఆరేళ్లు. ప్రతి ఏడాదీ ఆ ఒక్కరోజు ఆమె నాకోసం చూసిందని, నేను వస్తానని నిజంగానే అనుకుందని, అరుగు మీద కూర్చుని నాకు సిగ్గేసింది. నేను చేసిన తప్పుకు ఆమె ఏటా వచ్చి కూర్చుంది. నేను దాన్ని స్నేహితుల మధ్య తమాషా కథగా చెప్పుకుంటూ తిరిగాను.

చాచా వైపు తిరిగి అడిగాను. "ఈసారి కందులు ఎప్పుడొస్తయ్ చాచా?"

"సంక్రాంతికి ముందుగాల్నే పడొచ్చు. వానలు మంచిగున్నయ్." నా మొహంలోకి చూశాడు. "ఫోన్ చెయ్యాల్నా?"

"వద్దు చాచా," అన్నాను.